చేరని సందేశాల వెంట అరకు దాకా

విశాఖపట్నం నుండి కిరండూల్ వెళ్ళే రైలు మార్గం పేరు వినని వారు మన సంస్థలో ఉండరు. కొత్తవలస వద్ద ప్రధాన మార్గాన్ని విడిచి, శృంగవరపుకోట దాటి, బొడ్డవర వద్ద కొండ పాదాన్ని తాకి, అక్కడి నుండి వంపులు తిరుగుతూ పైకి ఎగబ్రాకే ఈ మార్గాన్ని బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడం కోసం 1960వ దశకంలో నిర్మించారు. రైల్వేవారి పాత కాగితాలలో ఇది దండకారణ్య–బొలంగీర్–కిరిబూరు పథకంలో ఒక భాగం. మార్గం మొత్తం మీద 58 సొరంగాలున్నాయి. శిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తున ఉండి, ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నింటిలోకి ఎత్తైనదిగా ప్రసిద్ధి పొందింది. కాశ్మీరు లోయలో రైలు నడిచిన తరువాత ఆ కీర్తి అక్కడికి తరలిపోయింది గాని, శిమిలిగుడ మీది మంచుకు, చలికి ఏ లోటూ రాలేదు.

అంతటి అందమైన మార్గంలో ఈ వ్యాసకర్త, సమాచార వ్యవస్థల విభాగానికి చెందిన ఒక యువ సహోద్యోగి కలిసి గత కార్తీక మాసం చివరి వారంలో ప్రయాణం చేసినది విహారానికి కాదు. మా చేతిలో ఒక జాబితా ఉన్నది. అందులో 31 పేర్లు. అందరూ మన సంస్థలో పనిచేసి విరమించినవారు, లేదా కీర్తిశేషులైన ఉద్యోగుల భార్యలు. విశ్రాంత ఉద్యోగుల వైద్య సహాయ కార్డును ఏటా డిసెంబరు 31లోగా నవీకరించుకోవాలన్న నిబంధన పాఠకులకు తెలిసినదే. పూర్వం కార్యాలయానికి వచ్చి రిజిష్టరులో సంతకం చేసేవారు. ఆ తరువాత ఈ పని సెల్‌ఫోను మీదికి మారింది. నమోదైన నంబరుకు ఆరంకెల సంఖ్య గల సందేశం, అనగా ఓ.టి.పి., వెళ్తుంది. దానిని పది నిమిషాలలోగా సూచించిన నంబరుకు తిరుగు సందేశంగా పంపాలి. పంపినవారి కార్డు మరో ఏడాది చెల్లుతుంది. పంపనివారు జనవరి ఒకటవ తేదీన ఆసుపత్రి మెట్లెక్కితే ముందు డబ్బు కట్టమంటారు. మైదాన ప్రాంతంలో ఉన్నవారికి ఈ పద్ధతి వల్ల ప్రయాణపు ఖర్చు, శ్రమ తప్పాయి. అరకులోయ, డుంబ్రిగుడ, అనంతగిరి మండలాలలో స్థిరపడిన ఈ 31 మంది విషయంలో మాత్రం మూడు పర్యాయాలు పంపినా పని జరగలేదు.

"కొండ ప్రాంతం కదా, టవర్లు ఉండవు" అని ఒక్క మాటలో తేల్చివేయడం సులభం. కార్యాలయంలో చాలామంది అదే అన్నారు. అయితే సందేశం పంపిన ప్రతిసారీ దానికి ఏ గతి పట్టినదో తెలిపే నివేదిక ఒకటి టెలిఫోను సంస్థ నుండి వెనుకకు వస్తుంది. ఆ నివేదికను తీరికగా చదివితే ఒక్క మాటతో తేలే వ్యవహారం కాదని తోచింది. 31లో నాలుగింటి ఎదుట 'తిరస్కరించబడింది' అని, ఆరింటి ఎదుట 'అందింది' అని, మిగిలిన ఇరవై ఒకటింటి ఎదుట 'గడువు తీరింది' అని ఉన్నది. తిరస్కరించబడిన నాలుగింటికీ, కొండలకూ ఏ సంబంధమూ లేదు. ట్రాయ్ వారు 2018లో చేసిన నిబంధనల ప్రకారం, సంస్థలు మూకుమ్మడిగా పంపే సందేశాల నమూనాలను ముందుగా నమోదు చేయించుకోవాలి. పంపిన పాఠం నమోదైన నమూనాతో సరిపోకపోతే దానిని దారిలోనే నిలిపివేస్తారు. 2021 మార్చి 8న ఈ తనిఖీని మొదటిసారి అమలు చేసినపుడు దేశమంతటా బ్యాంకుల ఓ.టి.పి.లు ఆగిపోయి గగ్గోలు పుట్టగా, ఒక వారం పాటు దానిని సడలించవలసి వచ్చిన సంగతి కొందరికి గుర్తుండవచ్చు. మన నాలుగు పేర్లూ ఇంటిపేరుతో సహా చాలా పొడవైనవి; నమూనాలో పేరు కోసం విడిచిన ఖాళీలో పట్టలేదు. పేరును కుదించి పంపగా నాలుగూ ఆ సాయంత్రమే చేరాయి. వాటి కోసం రైలెక్కవలసిన పని లేకపోయింది.

మిగిలిన ఇరవై ఏడింటి కోసమే మేము బయలుదేరాము.

బండి బొడ్డవర దాటేసరికి సహోద్యోగి తన వద్ద ఉన్న రెండు ఫోన్లనూ కిటికీ అంచున నిలబెట్టాడు. రెండింటిలోను వేరువేరు సంస్థల సిమ్ కార్డులు. అయిదు నిమిషాలకొక సందేశం చొప్పున, వరుస అంకె వేసి, విశాఖ కార్యాలయం నుండి పంపేటట్లు ముందే ఏర్పాటు చేశాడు. శివలింగపురం వరకు అంకెలు వరుసగా వచ్చాయి. ఆ పైన సొరంగాలు మొదలైనవి. ఒక చీకటి నుండి బయటపడి, లోయలో తెల్లని నీటి ధారను కళ్ళు చూసేలోగానే మరొక చీకటి. త్యాడ, చిమిడిపల్లి గడిచిపోయాయి. సందేశం ఒక్కటీ లేదు. విచిత్రమేమంటే, వెలుగులోకి వచ్చిన ప్రతిసారీ ఫోను మీద రెండు మూడు గీతలు కనబడుతూనే ఉన్నాయి. ఎదుటి బల్ల మీద కూర్చున్న ఒక యాత్రికుడు, "సిగ్నల్ ఉన్నదిగా, ఎందుకు రావడం లేదు?" అని అడిగాడు.

ఆ గీతలను చాలామంది అపార్థం చేసుకుంటారు. గీతలు కనబడుతున్నాయంటే టవరు మాట ఫోనుకు వినబడుతున్నదని మాత్రమే అర్థం. ఫోను మాట టవరుకు వినబడుతున్నదని కాదు. టవరు మైకు పట్టుకొని మాట్లాడుతుంది, ఫోను పాపం గొంతుతో బదులు చెప్పాలి. పైగా సొరంగంలోకి పోయే ఫోను "నేను వెళ్తున్నాను" అని చెప్పి పోదు. అందువల్ల అది ఇంకా తన పరిధిలోనే ఉన్నదనుకొని నెట్‌వర్కు పిలుస్తుంది. జవాబు ఉండదు. అప్పుడు 'చందాదారు అందుబాటులో లేరు' అని గుర్తు పెట్టుకొని, సందేశాన్ని సందేశ కేంద్రంలోనే అట్టిపెడుతుంది. ఫోను మళ్ళీ తనంతట తాను టవరుతో మాట కలిపినప్పుడు, ఆ ఫోను చిరునామా ఉండే పెద్ద రిజిష్టరు సందేశ కేంద్రానికి కబురు చేస్తుంది. కేంద్రం అప్పుడు నిలువ ఉన్నవాటిని వదులుతుంది. రెండు సొరంగాల నడుమ దొరికే అర నిమిషంలో ఇంత తతంగం జరిగే వీలు లేదు. బోర్రా గుహలు స్టేషనులో బండి నిలిచినపుడు మాత్రం ఫోన్లు రెండూ ఒకేసారి గణగణమన్నాయి. నాలుగు సందేశాలు వచ్చాయి. వరుస తప్పి, ముందుది వెనుక, వెనుకది ముందు.

ఈ తంతు అంతటికీ మూలం ఆ పద్ధతి పుట్టుకలోనే ఉన్నది. ఫోనులో మాట్లాడుకోవడం ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకోవడం వంటిది. ఇద్దరూ ఒకే సమయంలో ఉంటేనే సాగుతుంది. ఎస్.ఎం.ఎస్. అట్లా కాదు. పుచ్చుకొనేవారు లేకపోతే నిలువ ఉండి, వచ్చినపుడు చేరడమే దాని స్వభావం. 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ అనే ఇంజనీరు కంప్యూటరు నుండి పంపిన క్రిస్మస్ శుభాకాంక్షలు లోకంలో మొదటి ఎస్.ఎం.ఎస్.గా పేరు పొందాయి. మన దేశంలో సెల్‌ఫోను సంభాషణ ప్రారంభమైనది 1995 జూలై 31న, కలకత్తా నుండి జ్యోతి బసు ఢిల్లీలోని సుఖ్‌రామ్‌తో మాట్లాడినపుడు. సంభాషణల ఏర్పాట్ల కోసం ఫోను, టవరు తమలో తాము చెప్పుకొనే సంకేతాలకు ఒక సన్నని కాలువ ఉంటుంది. అందులో మిగిలిన చోటులోనే ఈ సందేశాలను ఇమిడ్చారు. అందుకే అవి అంత పొట్టివి. అందుకే అవి ఎప్పుడు చేరతాయన్న హామీ ఏనాడూ ఎవరూ ఇవ్వలేదు. అటువంటి, నిదానమే ధర్మమైన బండికి పది నిమిషాలలో ప్రాణం పోయే సరుకును ఎత్తినది మన కాలం. పది నిమిషాల తరువాత ఓ.టి.పి. పనికిరాదు గనుక, సందేశానికి కూడా పది నిమిషాల గడువే పెడతారు. ఆ గడువులో ఫోను దొరకకపోతే కేంద్రం దానిని నిలువ ఉంచదు, రద్దు చేస్తుంది. 'గడువు తీరింది' అన్న మాటకు అర్థం అది.

అరకు చేరేసరికి మధ్యాహ్నమైనది. లోయలో వలిసె పూలు విరగబూసి ఉన్నాయి. కొండవాలు చేల నిండా పసుపు దుప్పటి పరచినట్లుండగా, వాటి నడుమ ఎర్రమట్టి బాటలు. పై వాలులలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్ల మొదళ్ళను చుట్టుకొన్న మిరియపు తీగలు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించిన తరువాత దాని పేరు దేశాంతరాలకు పాకింది గాని, సంతలో తల్లులు గంపలకెత్తి అమ్మే రాజ్‌మా గింజలు, పచ్చి పసుపు కొమ్ములు కూడా తక్కువ తినేవి కావు. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది ఈ ప్రాంతం. పాడేరు జిల్లా కేంద్రం.

మొదటి రెండు రోజులు, 'అందింది' అని నివేదికలో ఉన్న ఆరు పేర్ల వారిని వెదకడంతో గడిచాయి. నివేదిక అబద్ధం చెప్పదు. కాని 'అందింది' అంటే ఫోనుకు అందినదని మాత్రమే. మనిషికి అందినట్లు కాదు. ఒక విశ్రాంత వెల్డరు ఇచ్చిన నంబరు మనుమడిది. ఆ కుర్రవాడు హైదరాబాదులో కట్టడపు పనికి పోయి ఏడాది అయినది. ఓ.టి.పి. మూడుసార్లూ అతని జేబులోనే మోగింది. అతడు దానిని మోసగాళ్ళ పని అనుకొని, బుద్ధిమంతుడు కనుక, ఎవరికీ చెప్పలేదు. మరి ఇద్దరి వద్ద మీటల ఫోన్లు ఉన్నాయి. సందేశం వచ్చింది, తెరిచి చూస్తే తెలుగు అక్షరాలకు బదులు వరుసగా చిన్న చిన్న డబ్బాలు. ఆ ఫోన్లకు తెలుగు లిపి రాదు. "డబ్బాల ఉత్తరం వచ్చింది సార్" అని వారిలో ఒకరు భద్రంగా దాచి చూపించారు.

నాలుగవవారి ఇంట కనిపించిన చిక్కు తెలుగువారందరూ తెలుసుకోదగినది. ఒక ఎస్.ఎం.ఎస్.లో ఇంగ్లీషు అక్షరాలు 160 పడతాయి. తెలుగులో పట్టేవి 70 మాత్రమే. ఆ 70 కూడా మనం లెక్కించే అక్షరాలు కావు. మన కంటికి 'స్త్రీ' ఒకే అక్షరం. యంత్రానికి అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి, మొత్తం ఆరు. 'లక్ష్మి' ఏడు. ఇక పథకం పేరు, సంస్థ పేరు, గౌరవ వాచకాలు అన్నీ చేర్చి వ్రాసిన మన సందేశం నాలుగు ముక్కలైనది. ముక్కలు విడివిడిగా ప్రయాణం చేసి ఫోనులో మళ్ళీ కూడుకోవాలి. నాలుగింటిలో ఒక్కటి దారిలో చిక్కుకొన్నా ఫోను దానికోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది, లేదా ఉన్నంత మటుకు చూపుతుంది. వీరి ఫోనులో మర్యాదలన్నీ వచ్చాయి. ఆరంకెల సంఖ్య ఉన్న చివరి ముక్క రాలేదు. కార్యాలయ భాషలో మర్యాద తగ్గించరాదన్న పట్టుదల గలవారు మనలో చాలామంది ఉన్నారు, మంచిదే. అయితే 70 అక్షరాల చోట మొదట అంకెలు, పిదప మర్యాదలు ఉండడం మేలు.

ఐదవవారి సంగతి మరొక తీరు. సందేశం వచ్చింది, ఆయన చదివారు, జవాబు కూడా వ్రాశారు. అది పోలేదు. ప్రతి సిమ్ కార్డులోను సందేశ కేంద్రపు నంబరు ఒకటి ముద్రితమై ఉంటుంది. మనం పంపే ప్రతి సందేశమూ ముందు ఆ నంబరుకు పోతుంది. ఫోను మరమ్మతులో ఎవరి చేతనో అది చెరిగిపోయింది. వచ్చేవాటికి ఆ నంబరుతో పని లేదు గనుక వస్తూనే ఉన్నాయి; పోయేవి మాత్రం పోవు. అమర్పులలో ఆ నంబరును తిరిగి వ్రాయడానికి సహోద్యోగికి రెండు నిమిషాలు పట్టింది. పెద్దాయన ఏడాదిగా కుమార్తెకు పంపుతున్న సందేశాలకు ఆమె బదులివ్వడం లేదని లోలోపల నొచ్చుకొని ఉన్నారట. ఆ సంగతి చెప్పి ఆయన భార్య నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆరవ పేరు గురించి చివర చెబుతాను.

'గడువు తీరింది' అన్న ఇరవై ఒక్క మందిలో కూడా టవరు లేని కారణంగా నష్టపోయినవారు సగానికి తక్కువే. అయిదుగురు రీఛార్జి చేయించక, వచ్చే సందేశాలు కూడా నిలిచిపోయాయి. మాట్లాడడానికీ, సందేశాలకూ మాత్రమే సరిపడే ప్రత్యేక చందాలను కూడా కంపెనీలు ఇవ్వాలని ట్రాయ్ వారు 2024 డిసెంబరులో నిర్దేశించిన సంగతి వారిలో ఎవరికీ తెలియదు. ఇంటర్నెట్టుతో కలిపిన ఖరీదైన చందానే అందరూ కట్టాలనుకొన్నారు. ముగ్గురి మీటల ఫోన్లలో ప్రకటనల సందేశాలు పేరుకొని, క్రొత్తవి పట్టే చోటు లేదు. చెరిపివేయగానే ఫోను తన వద్ద చోటు ఉన్నదని తానే కేంద్రానికి తెలియజేసింది. అప్పటికి నిలువ ఉన్న రెండు పాత శుభలేఖలు వచ్చి పడ్డాయి, పెళ్ళి అయిపోయిన రెండు రోజులకు. ఒడిశా సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న ఒక పల్లెలో మరో నలుగురు. వారి వసారాలో ఆంధ్ర సర్కిలు టవరు, పెరటిలో ఒడిశా సర్కిలు టవరు పలుకుతాయి. ఫోను అటూ ఇటూ మారుతూ, పిలిచిన వేళకు పిలిచిన చోట దొరకదు. నెట్‌వర్కును తనంతట ఎంచుకొనే పద్ధతి మాన్పించి, బలంగా ఉన్న ఒక్కదానికే కట్టివేశాము. కుదుటపడింది.

మిగిలిన తొమ్మిదిమందికి మాత్రం నిజంగానే ఇంట టవరు మాట వినబడదు. వారిలో ఒకరు మన సంస్థలో దీర్ఘకాలం క్రేను నడిపినవారు. డుంబ్రిగుడ నుండి జీపు పోయినంత దూరం పోయి, అక్కడి నుండి గంటకు పైగా నడిస్తే ఆయన ఊరు. దారిలో ఒక గుట్ట మీద క్రొత్త టవరు ఉక్కు కాళ్ళు లేచి ఉన్నాయి. ఇంకా తీగలు రాలేదు. సెల్‌ఫోను సౌకర్యం లేని 24,680 గ్రామాలకు 4జి సేవ చేర్చే పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2022 జూలైలో ఆమోదించింది. ఆ ఫలం ఈ కొండకు అందేవరకు, ఊరి పైన ఒక పెద్ద బండ, దాని ప్రక్కన ఒక జీలుగు చెట్టు, ఇవే ఆ ఊరి టెలిఫోను కేంద్రం. ఆ బండ మీద నిలబడితే లోయకు ఆవలి టవరు కనబడుతుంది. సాయంత్రం మేకలు ఇల్లు చేరిన తరువాత ఊరివారు ఒక్కొక్కరే పైకి వస్తారు. కొందరు ఫోనును ప్లాస్టిక్ సంచిలో పెట్టి చెట్టుకు వ్రేలాడదీసి, తాము క్రింద కూర్చొని చుట్ట వెలిగిస్తారు. కాసేపటికి సంచులు మోగుతాయి. పగలంతా ఎక్కడెక్కడో నిలువ ఉన్న సందేశాలు సందె వేళ గువ్వల వలె ఒక్కసారి దిగుతాయి.

మన కార్యాలయం సందేశాలను పంపినది ఉదయం పదకొండు గంటలకు. ఆ వేళకు ఆయన ఫోను ఇంట్లో దూలానికి వ్రేలాడుతూ ఉంటుంది.

ఆయన భార్యకు ఒక కంట శుక్లం తీశారు. రెండవ కంటికి జనవరి రెండవ వారంలో విశాఖ రమ్మని డాక్టరు చెప్పి ఉన్నాడు. కార్డు చెల్లకపోతే ఆ ఖర్చు వారి వల్ల కాదు. ఓ.టి.పి. సంగతి ఆమెకు వివరించబోగా, ఆమె మమ్మల్ని మధ్యలోనే ఆపింది.

"కబురు మా ఇంటికి నడిచి రాదు బాబూ. మేమే సంతకు పోయి, మాకేమన్నా కబురున్నదా అని అడిగి తెచ్చుకుంటాం. మీ ఆఫీసోళ్ళని మేము అడగకూడదా?"

వారపు సంత తెలిసినవారికి ఆమె మాటలోని సొగసు తెలుస్తుంది. ఏ ఊరి మనిషికైనా కబురు పంపాలంటే, ఆ దిక్కుకు చెందిన ఎవరో ఒకరికి సంతలో చెబుతారు. వారు దానిని మనసులో పెట్టుకొంటారు. ఆ మనిషి వచ్చి అడిగితే చెబుతారు. రాకపోతే వచ్చే సంతకు మళ్ళీ. సందేశ కేంద్రం చేసే పని సరిగ్గా ఇదే. కాని పది నిమిషాల కబురును సంతలో ఎవరూ పుచ్చుకోరు. అది తెలిసే, అవసరమున్నవాడు తానే వచ్చి అడుగుతాడు.

ఆ సాయంత్రం బండ ఎక్కి, ఆమె చెప్పినట్లే చేసి చూశాము. క్రేను పెద్దాయన చేత ముందుగా మన నంబరుకు 'కార్డు' అని ఒక్క మాట పంపించాము. విశాఖలో ఆ మాట కోసం కాచుకొని ఉన్న మరో సహోద్యోగి వెంటనే ఓ.టి.పి.ని విడుదల చేశాడు. ఫోను అప్పుడే టవరుతో మాట కలిపి ఉన్నది గనుక, వెదకవలసిన పని, పిలిచి విసిగే పని లేవు. నిమిషం లోపల సంఖ్య వచ్చింది. పెద్దాయన కళ్ళజోడు సవరించుకొని, ఒక్కొక్క అంకెనూ పైకి చదువుతూ తిరిగి పంపారు. 'మీ కార్డు నవీకరించబడింది' అన్న సమాధానం వచ్చేసరికి లోయలో దీపాలు వెలిగాయి. చుట్టూ కూర్చున్నవారు, ఏదో లాటరీ తగిలినదనుకొని అభినందించారు. బండ దిగేటప్పుడు ఆయన, తాను ఉద్యోగంలో చేరిన కొత్తలో తండ్రి మరణవార్త తంతి ద్వారా మూడవ రోజున అందిన సంగతి చెప్పారు. ఆ తంతి సేవను 2013 జూలైలో ఎత్తివేశారన్నది ఆయనకు మేము చెప్పేవరకు తెలియదు.

తిరిగి వచ్చిన తరువాత విభాగాధిపతిగారికి నివేదిక సమర్పించాము. వారు దానిని ఆమూలాగ్రం చదివి, మూడు మార్పులను ఆ వారంలోనే అంగీకరించారు. ఓ.టి.పి.ని మనం పంపే పాత పద్ధతి అట్లే ఉంటుంది. దానితో పాటు, విశ్రాంత ఉద్యోగి తనకు వీలైన వేళ, తనకు సిగ్నల్ దొరికిన చోట నిలబడి 'కార్డు' అని పంపితే, యంత్రమే ఆ క్షణాన సంఖ్యను పంపుతుంది. కాచుకొని కూర్చొనే సహోద్యోగి అవసరం ఇక లేదు. తెలుగు పాఠాన్ని ఒక్క ముక్కలో పట్టేటట్లు కుదించారు, అంకెలు మొదట వచ్చేటట్లు. తెలుగు లిపి రాని ఫోన్లకు, కోరినవారికి, తెలుగు మాటలనే రోమన్ లిపిలో పంపే ఏర్పాటు జరిగింది. క్రొత్త నమూనాలను మళ్ళీ నమోదు చేయించడానికే ఎక్కువ కాలం పట్టింది.

ఇంటివద్దనే ఈ చిక్కులు ఎదురయ్యే పాఠకులకు ఒక మాట. సందేశం రానప్పుడు ఫోనును విమానపు గుర్తు గల అమర్పులో ఒక నిమిషం ఉంచి తీయండి. దానితో ఫోను తాను ఉన్నానని నెట్‌వర్కుకు కొత్తగా చెప్పుకొంటుంది. నిలువ ఉన్నవి కదలివస్తాయి. అప్పటికీ రాకపోతే సిమ్‌ను వేరొక ఫోనులో వేసి చూడండి. అక్కడ వస్తే దోషం ఫోనుది. అక్కడా రాకపోతే, ఒకే పంపకందారు నుండి రావడం లేదా, ఎవరి నుండీ రావడం లేదా అన్నది గమనించి ఫిర్యాదులో వ్రాయండి. ఆ ఒక్క వాక్యం అవతలివారి వెదకులాటను సగానికి తగ్గిస్తుంది. సిమ్ కార్డు క్రొత్తగా మార్చుకొన్నవారికి మోసాల నివారణ కోసం 24 గంటల పాటు సందేశాలు నిలిపివేస్తారు గనుక, ఆ ఒక్కరోజు ఓపిక పట్టండి.

ఇక ఆరవ పేరు. ఆమె భర్త మన సంస్థలో పనిచేస్తూ కాలం చేశారు. నివేదికలో మూడుసార్లూ 'అందింది' అనే ఉన్నది. ఆ నంబరుకు ఫోను చేస్తే విజయనగరం నుండి ఎవరో యువకుడు పలికాడు. వాడుక లేకుండా 90 రోజులు గడిచిన నంబరును కంపెనీలు రద్దు చేసి, కొంత కాలం ఆపి వేరొకరికి ఇవ్వవచ్చు. ఆమె నంబరు అట్లా చేతులు మారింది. పాత చిరునామాలో ఇల్లు తాళం వేసి ఉన్నది. ముంచింగిపుట్టు వైపు కుమార్తె దగ్గరకు వెళ్ళినదని ఇరుగుపొరుగువారు చెప్పారు, ఊరి పేరు సగం గుర్తుతో. డిసెంబరు రెండవ వారంలో ఆ ఊరికి కార్యాలయం నుండి ఉత్తరం వెళ్ళింది. అదే వారం క్రేను పెద్దాయన సంతలో ముంచింగిపుట్టు మనుష్యులకు కూడా చెప్పి ఉంచారు. డిసెంబరు 28న ఆమె అల్లుడు విశాఖ వచ్చి క్రొత్త నంబరు నమోదు చేయించాడు. ఉత్తరం అందినదా అని అడిగితే, అందిందన్నాడు; అయితే అప్పటికి రెండు రోజుల ముందే సంత నుండి కబురు వచ్చిందన్నాడు.